110 బదులు 125 ఇచ్చారు... డోసు పెరిగినట్టేనా?

ప్రశ్న: మా నాన్నగారికి 67 ఏళ్లు. పార్కిన్సన్స్‌కి 110 మాత్ర రోజుకు మూడు పూటలా వేస్తున్నాం. వేసుకున్న అరగంటకే కడుపులో తిప్పుతోందంటారు, ఒక్కోసారి వాంతి. ఈ నెల 110 లేదని షాపులో 125 ఇచ్చారు. డోసు ఎక్కువైపోదా? బి-కాంప్లెక్స్ మానెయ్యమని పక్కింటివాళ్లంటున్నారు, నిజమేనా?
– ఓ పాఠకురాలు, గాజువాక, విశాఖపట్నం

జవాబు: స్ట్రిప్పు వెనక్కి తిప్పి చదవండి. 110లో లెవోడోపా 100 మి.గ్రా., కార్బిడోపా 10. 125లో లెవోడోపా అదే 100, కార్బిడోపా 25. అసలు మందు పెరగలేదు, దాని కాపలా పెరిగింది.

పార్కిన్సన్స్‌లో మెదడులో తగ్గిపోయే రసాయనం డోపమైన్. లెవోడోపాను డోపమైన్‌గా మార్చే ఎంజైమ్ పేరు డోపా డీకార్బాక్సిలేజ్. అది మెదడులోనే కాదు, పేగుల్లో, కాలేయంలో, కిడ్నీల్లోనూ ఉంది. అక్కడ తయారైన డోపమైన్ మెదడులోకి పోలేదు సరికదా, రక్తంలో తిరిగి వాంతి తెప్పిస్తుంది. ఆ ఎంజైమ్‌ని కట్టిపడేసేదే కార్బిడోపా. అదీ మెదడులోకి వెళ్లలేదు కాబట్టి అక్కడి పని చెడదు. అయితే ఒంట్లోని ఎంజైమ్ బాగా అణగాలంటే కార్బిడోపా రోజుకు 70 నుంచి 100 మి.గ్రా. పడాలి. మూడు 110లకు వచ్చేది 30. మూడు 125లకు 75. వికారానికి కారణం చాలావరకు ఈ లెక్కలోనే ఉండొచ్చు.

అలాగని షాపువాళ్లు మార్చారు కదా అని ఊరుకోకండి. మెదడుకు చేరే మందు పెరిగితే చేతులు, మెడ వాటంతటవే మెలికలు తిరగొచ్చు, లేవగానే కళ్లు తిరగొచ్చు. న్యూరాలజిస్టుకి ఫోన్ చేసి అడగండి. ఈలోగా పూట మాత్రం తప్పించొద్దు. ఈ మందు హఠాత్తుగా ఆపితే ప్రమాదం.

వాంతులకని సొంతంగా మెటోక్లోప్రమైడ్ కొనకండి. అది మెదడులోనే డోపమైన్‌కి అడ్డుపడి కండరాల బిగుతు పెంచుతుంది.

బి-కాంప్లెక్స్ భయం పాతకాలం నాటిది. ఈ ఎంజైమ్ పనిచేయడానికి బి6 కావాలి. కార్బిడోపా లేకుండా ఉత్త లెవోడోపా ఇచ్చే రోజుల్లో బి6 వేస్తే మందు దారిలోనే ఖర్చయిపోయేది. ఇప్పుడు మామూలు మోతాదుకి ఆ బెంగ లేదు. ఐరన్ మాత్రకి మాత్రం రెండు గంటల ఎడం పాటించండి.

మాత్ర మంచినీళ్లతోనే, పాలతో వద్దు. పెసరట్టుకైనా, మధ్యాహ్నం వంజరం పులుసుకైనా కనీసం అరగంట ముందు వేయండి. ప్రొటీన్ పేగుల దగ్గర లెవోడోపాతో పోటీ పడుతుంది. ఖాళీ కడుపున మరీ తిప్పితే రెండు ఉప్పు బిస్కెట్లు చాలు.

విశాఖ ఉక్కపోతకి నాన్నగారి బనియన్ మీద ముదురు చెమట మరకలు కనిపించాయా? ఈ మందుకి అది మామూలే.