ముగ్గు ఆగినందుకు కౌంట్ తగ్గలేదు

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్ అయింది, ఇప్పుడు మూడు వారాలకోసారి కీమో ఎక్కిస్తున్నారు. చీకటితోనే లేచి వాకిట్లో చుక్కల ముగ్గు వేసుకుంటే తప్ప నా మనసు కుదుటపడదు. మొన్నటి కీమో తర్వాత నిలబడలేక మానేశాను. ఆ తర్వాతి వారమే తెల్లకణాలు తగ్గాయన్నారు. "ముగ్గు ఆపినావు, అందుకే" అంటోంది మా అత్తమ్మ. నాకూ లోపల అదే భయం. ఏం చేయాలక్కా?
(పేరు వద్దన్న సోదరి)

జవాబు: చెల్లెమ్మా, ముందు ఆ భయం సంగతి తేల్చుకుందాం. కీమో మందు వేగంగా పెరిగే కణాలన్నిటినీ దెబ్బతీస్తుంది. ఎముక మజ్జలో తెల్లకణాలు తయారయ్యే చోటునూ వదలదు. అందుకే చాలా మందులతో, ఎక్కించిన 7 నుంచి 14 రోజుల మధ్య తెల్లకణాల కౌంట్ బాగా పడిపోయి మళ్లీ కోలుకుంటుంది. నువ్వు రోజూ రథం ముగ్గు వేసినా ఆ వారం తగ్గేదే. ఈ మాట అత్తమ్మకు డాక్టరు చేతే చెప్పించు. ఆవిడదీ భయమే, పట్టుకోవడానికి ఒక కారణం కావాలి.

నాకూ కర్నూల్లో కీమో అయింది. సూది గుచ్చే ముందు మా అమ్మ పాత చీరలతో కుట్టిన చిన్న బొంత ఒళ్లో పరుచుకునేదాన్ని. కుట్టు వెంట వేలు నడిపిస్తూ, పీల్చినదానికంటే ఎక్కువసేపు ఊపిరి వదిలేదాన్ని. దానితో రోగం తగ్గుతుందని కాదు. మిగతావన్నీ ఎవరెవరి చేతుల్లోనో ఉన్నప్పుడు, ఆ కుట్టొక్కటి నా వేలి కింద ఉండేది. నీ ముగ్గూ అంతే. అది మొక్కు కాదు, తప్పితే దోషం లేదు.

అందుకని మానొద్దు, చిన్నది చెయ్యి. లేవలేని రోజు కూడా చేయగలిగేంత చిన్నది. పిల్లల పలక, సుద్దముక్క దిండు పక్కన పెట్టుకో. నాలుగు చుక్కలు, నాలుగు వరుసలు. మెలిక తిరిగి గీత మొదటికొచ్చి కలిసేదాకా చూపు దాని మీదే పెట్టు. అదీ చేతకాకపోతే ఇంట్లో ఎవరిచేతైనా వాకిట్లో వేయించి, కుర్చీలో కూర్చుని చుక్కలు నువ్వు చెప్పు. కౌంట్ తక్కువున్న రోజుల్లో మాత్రం పేడనీళ్ల కళ్లాపి, ఊడ్చే దుమ్ము నీకు వద్దే వద్దు. వేళ్లు తిమ్మిరెక్కి సుద్దముక్క జారుతుంటే డాక్టరుకు చెప్పు, కొన్ని మందులకు అలా అవుతుంది. జ్వరం 100.4 డిగ్రీలు దాటితే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లిపో.

ఇంకొకటి. ఇష్టమైన వాసనలు, రుచులు కీమో రోజుకి దూరంగా ఉంచు. నా పక్క మంచం ఆవిడ ప్రతిసారీ మల్లెపూలు పెట్టుకొచ్చేది. ఇప్పుడు ఆ పూల వాసనొస్తేనే ఆవిడకు కడుపులో తిప్పుతుంది. అగరొత్తులైనా, కాఫీ అయినా అంతే.

ఇవన్నీ చేసినా నిద్ర పట్టక, ఏడుపు ఆగక, తిండి మీద ధ్యాస లేక రోజులు గడుస్తుంటే లోపల దాచుకోకు. డాక్టరుకు చెప్పు, వాంతులకు మందు ఉన్నట్టే దీనికీ ఉంది. మనసు బాధలకు ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలి మానస్ నంబరు 14416కి ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బేమీ తీసుకోరు.