మీ నవల్లో పెద్దల సభ బిల్లు ఆపేస్తే ఏం చేయాలి

మీ ఊహాదేశంలో కింది సభ పాస్ చేసిన భూమి బిల్లుని పెద్దల సభ ఆపేసింది, కథ ముందుకి కదలట్లేదు, సభనే రద్దు చేసేయనా అన్నారు కదా, అంత అవసరం లేదండి. మన రాజ్యాంగంలోనే రెండు దారులున్నాయి. రాజ్యసభ అడ్డుపడితే ఉమ్మడి సమావేశం పెట్టి అందరూ కలిసి ఓటేస్తారు, 1961, 1978, 2002లో జరిగింది, లోక్‌సభ వాళ్ళ సంఖ్య ఎక్కువ కాబట్టి పైచేయి మామూలుగా వాళ్ళదే. రాష్ట్రాల్లో పైసభ అయిన శాసన మండలికి అంత సీన్ లేదు, మొదటిసారి మూడు నెలలు ఆపొచ్చు, అసెంబ్లీ మళ్ళీ పాస్ చేసి పంపితే ఇంకో నెల, ఆ తర్వాత మండలి ఒప్పుకోకపోయినా పాసైనట్టే.

నేనైతే రెండోదే పెట్టమంటా, ఆ నాలుగు నెలల్లో మీ విలన్ ఎంతమందిని లాక్కోవచ్చో చూడండి! ఇంకోటి, సభ్యులకి ఆరేళ్ళ పదవి ఇచ్చి రెండేళ్ళకోసారి మూడోవంతు మంది రిటైరయ్యేలా పెట్టండి, అప్పుడు ఎలక్షన్ ఊడ్చేసిన కొత్త ప్రధానికి కూడా పైసభలో పాత పార్టీ వాళ్ళే ఎదురుగా కూర్చుంటారు, గొడవ దానంతటదే వస్తుంది.

ఆంధ్రాలో సరిగ్గా ఇదే అయింది, 2020 జనవరిలో మూడు రాజధానుల బిల్లుని మండలి సెలెక్ట్ కమిటీకి (బిల్లుని పరిశీలించే సభ్యుల కమిటీ) పంపిందని ఆ నెలలోనే అసెంబ్లీ మండలి రద్దుకి తీర్మానం చేసేసింది, మళ్ళీ 2021 నవంబర్‌లో వెనక్కి తీసుకుంది. అప్పటికి మండలిలో అధికార పార్టీ బలం పెరిగిపోయింది మరి.