‘చల్లబడిపోతుంది’ అనాలా, ‘చల్లబరుస్తారు’ అనాలా?

సందేహం: మా బావగారికి విజయవాడ సూర్యారావుపేటలోని ఒక ఆస్పత్రిలో బృహద్ధమని (గుండె నుంచి ఒంటికంతా రక్తం తీసుకెళ్లే పెద్ద నాళం) వంపుకి ఆపరేషన్ చేయబోతున్నారు. డాక్టరుగారి మాటలు విని వచ్చిన మా అబ్బాయి ఇంట్లో “మామయ్య ఒళ్లంతా చల్లబడిపోతుందట, రక్తం ఆగిపోతుందట, మెదడుకి మాత్రం విడిగా రక్తం ఎక్కిస్తారట” అన్నాడు. అప్పటినుంచి అక్క ఒకటే ఏడుపు. వాడు చెప్పింది తప్పా? ‘బృహత్‌ధమని’, ‘బృహద్ధమని’ – ఏది సరైనది?
– ఒక పాఠకుడు, అరండల్‌పేట, గుంటూరు

సమాధానం: విషయం నిజమే, చిక్కంతా క్రియలతోనే వచ్చింది. ‘ఒళ్లు చల్లబడిపోయింది’ అని మన ఇళ్లలో ఎప్పుడంటారో తెలిసిందే. మీ అక్కగారికి టెన్షన్ రాక ఏమవుతుంది?

‘పడు’ చేరితే పని దానంతటదే జరిగినట్టు, ‘పరచు’ చేరితే ఒకరు పూనుకుని చేసినట్టు. స్థిరపడు, స్థిరపరచు, బలపడు, బలపరచు – అన్నీ ఇంతే. పైగా ‘పోవు’ తగిలిస్తే ఇక మన చేతుల్లో ఏమీ లేదన్న ధ్వని వస్తుంది. ఆపరేషన్ థియేటర్లో జరిగేది దీనికి పూర్తిగా వ్యతిరేకం. రక్తాన్ని గుండె, ఊపిరితిత్తుల పని చేసే యంత్రం గుండా తిప్పుతూ వైద్యులే ఒంటి వేడిని మెల్లమెల్లగా దించుతారు. మామూలు 37 డిగ్రీల వేడిలో రక్తం అందకపోతే మెదడు నాలుగైదు నిమిషాలకే దెబ్బతినడం మొదలవుతుంది. చల్లబరిస్తే దానికి కావలసిన ఆక్సిజన్ తగ్గుతుంది, వైద్యులకు వ్యవధి దొరుకుతుంది. తలకీ చేతులకీ వెళ్లే మూడు పెద్ద కొమ్మలు ఆ వంపులోంచే చీలుతాయి కాబట్టి, అక్కడ కుట్లు వేసేటప్పుడు ప్రవాహాన్ని కాసేపు నిలపక తప్పదు.

అందుకని ‘ఆగిపోతుంది’ వద్దు, ‘ఆపేస్తారు’ కూడా వద్దు. ‘ఆపి ఉంచుతారు’ అనండి. ‘తలుపు తీసి ఉంచు’, ‘అన్నం వండి ఉంచాను’ అంటాం చూడండి, తర్వాత జరగాల్సినదాన్ని మనసులో పెట్టుకుని చేసిన పని అది. నాకు ఈ ‘ఉంచు’ అంటే ఎంతో ఇష్టం. ఇక్కడ ఇంతకంటే తగిన మాట లేదు.

‘రక్తం ఎక్కించడం’ అంటే జనానికి గుర్తొచ్చేది ఇంకొకరి రక్తం. ఇక్కడ పంపేది యంత్రంలో తిరుగుతున్న ఆయన రక్తమే. చాలాసార్లు కుడి భుజం దగ్గరి ధమనిలో గొట్టం పెట్టి, అటునుంచి మెదడుకి పంపుతారు. కాబట్టి ‘అందిస్తారు’ అనడం మేలు. అది సరిగా అందుతోందో లేదో నుదుటికి రెండు పక్కలా అంటించిన సెన్సర్లు కనిపెడుతుంటాయి. ఇలా విడిగా అందిస్తే ఒంటి వేడిని 18–20 డిగ్రీల దాకా దించకుండా 24–28 దగ్గరే ఆగే వీలుంటుంది.

మీ అబ్బాయిని ఇలా చెప్పమనండి: “అత్తయ్యా, మామయ్య ఒంటిని డాక్టర్లే చల్లబరుస్తారు. రక్తాన్ని కాసేపు ఆపి ఉంచుతారు. ఆ కాసేపూ మెదడుకి మాత్రం అందిస్తూనే ఉంటారు. పని అయ్యాక మళ్లీ వేడి తెస్తారు.”

ఇక రెండో సందేహం. బృహత్ + ధమని = బృహద్ధమని. భగవత్ + గీత ‘భగవద్గీత’ అయినట్టే ఇక్కడా తకారం దకారమైంది. ‘బృహద్దమని’ అని వత్తు లేకుండా రాసేవాళ్లూ ఉన్నారు. అలా రాస్తే అందులో ‘ధమని’ మిగలదు.