బిల్లు మీద సభ్యత్వం నంబరు

అమ్మడూ,

ఆశీస్సులు. ఉద్యోగుల సహకార సంఘం నడిపే ఎంప్లాయీస్ స్టోర్స్‌కి నువ్వు సెక్రటరీ అయ్యావనీ, బిల్లింగ్ మార్చి, ఫోన్లో ఆర్డర్లు తీసుకుని సరుకు ఇంటికే పంపిస్తావనీ మీ నాన్న చెప్పాడు. మీ పెద్దమ్మ వద్దంటున్నా వీధంతా చెప్పుకొచ్చాను. రాత్రికి మాత్రం టెన్షన్ పట్టుకుంది.

పాత స్టాకు ముందు అమ్ము. కాటాలకు తూనికల శాఖ వేసే ముద్ర గడువు దాటనివ్వకు. అరువులు వద్దు, కలెక్టరాఫీసు వాళ్లడిగినా సరే.

ఇక అసలు సంగతి. నేను పనిచేసిన స్టోర్స్‌లో కంప్యూటర్లు పెట్టినప్పుడు, సాఫ్ట్‌వేర్ కుర్రాడు "ప్రతివాళ్లనీ సభ్యత్వం నంబరు అడిగితే క్యూ కదలదు సార్" అన్నాడు. కమిటీ సరేనంది. అప్పటిదాకా కౌంటర్లో పాసుపుస్తకం ఇస్తే గుమస్తా ఎర్ర సిరాతో బిల్లు మొత్తం ఎక్కించేవాడు. ఏడాది చివర ఎవరెంత కొంటే వాళ్లకంత బోనస్. పుస్తకాలు పోయాక ఆ లెక్కే లేదు, లాభాన్ని వాటాధనం మీద డివిడెండుగా పంచేశారు. నెలనెలా బియ్యం, పప్పు మా దగ్గరే కొనే అటెండరుకి చిల్లర; దీపావళి టపాసులకి తప్ప గడప తొక్కని ఆఫీసరుకి, వాటాలెక్కువని, పెద్ద మొత్తం! అటెండరు పక్క సూపర్‌మార్కెట్‌కి మారాడు. మారడూ మరి? సభ్యులందరూ రావాల్సిన మహాజన సభకి కోరం లేదు. వాయిదా సభలో కూర్చున్నది కమిటీ వాళ్లే. ఆ తర్వాత కమిటీ బదులు ప్రభుత్వం పెట్టిన పర్సన్ ఇన్‌చార్జి, ఆ తర్వాత షట్టరు మూత. అందరూ నెపం మాత్రం ఆ సూపర్‌మార్కెట్ మీద వేశారు.

1844లో ఇంగ్లండులోని రోచ్‌డేల్‌లో 28 మంది కూడి పిండి, వెన్న, చక్కెరతో కొట్టు తెరిచినప్పుడు పెట్టుకున్న పద్ధతే ఇది: ఓటు మనిషికొకటి, లాభం కొనుగోలును బట్టి. మద్రాసులో 1904లో మొదలైన ట్రిప్లికేన్ స్టోర్స్ కూడా వాళ్లని చూసే పుట్టింది. నిజానికి ఎర్ర సిరా కంటే నీ కంప్యూటరే ఈ పనికి మేలు. సెల్ నంబరు కొడితే సభ్యుడి పేరు రావాలి, బిల్లు అడుగున ఈ ఏడాది కొన్న మొత్తం పడాలి. అది లేని సాఫ్ట్‌వేర్ ఊరికే ఇచ్చినా తీసుకోకు.

స్టోర్స్ మొత్తాన్ని ఏదో కంపెనీకి లీజుకిద్దామని కమిటీలో ఒకాయన అంటున్నాడట. అద్దె వస్తుంది నిజమే. అద్దె పంచుకోడానికి సంఘం ఎందుకు?

మధ్యాహ్నం అన్నం మానేసి స్టాకు లెక్కపెడుతున్నావట. ఆ వేషాలు మానెయ్. సాఫ్ట్‌వేర్ ఒప్పందం మీద సంతకం పెట్టేముందు కాయితాలు నాకు పంపు, పెద్దక్షరాల్లో ప్రింటు తీయించి.

మీ పెదనాన్న