ఆ 100 ఎక్కడిది?

జయనగర్, బెంగళూరు.

చిరంజీవికి ఆశీస్సులు.

వర్చువల్ మెషీన్‌కు, అంటే ల్యాప్‌టాప్ లోపల సాఫ్ట్‌వేరుతో నడిచే మరో కంప్యూటరుకు, స్థిరమైన ఐపీ అడ్రసు (నెట్‌వర్కులో యంత్రాన్ని గుర్తించే అంకె) పెట్టుకోవడం గురించి నువ్వు రాసి, ప్రింటు తీసి పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. వయసులో నా పిల్లలకంటె చిన్నవాడివి కనుక ‘నువ్వు’ అనే రాస్తున్నాను, ఏమీ అనుకోవద్దు. ఉత్తరంలో నాలుగు ప్రశ్నలు అడిగావు. వాటికి వరసగా జవాబులు రాద్దామనే కూర్చున్నాను కాని, వ్యాసం మూడో పేజీలో ఒక వాక్యం దగ్గర ఆగిన చూపు మళ్లీ ముందుకు సాగలేదు. “అడ్రస్ అన్నచోట 192.168.1.100 అనీ, గేట్‌వే అన్నచోట 192.168.1.1 అనీ కొట్టండి, అంతే” అని రాశావు. ఆ 100 ఎక్కడిది నాయనా?

ఎక్కడిదో నాకు తెలుసు. నువ్వు చదివిన మరో వ్యాసంలోది. ఆ వ్యాసం రాసినవాడికి ఇంకొక వ్యాసంలోంచి వచ్చి ఉంటుంది. ఎవరో ఎప్పుడో తన ఇంటి రౌటరుకు కుదిరిందని రాసుకున్న అంకె చేతులు మారి మారి మారతహళ్లిలో నీ పీజీ గది దాకా వచ్చింది, ఇప్పుడు నీ పేరు తగిలించుకుని ఎక్కడో నరసరావుపేటలోనో నంద్యాలలోనో ఉన్న పాఠకుడి ఇంటికి బయలుదేరుతోంది. 1996 ఫిబ్రవరిలో వెలువడిన ఆర్ఎఫ్‌సీ 1918 అనే ఇంటర్నెట్ నియమాల పత్రం 10తో మొదలయ్యే అడ్రసులనూ, 172.16 నుంచి 172.31 దాకా ఉన్నవాటినీ, 192.168తో మొదలయ్యేవాటినీ ఎవరి నెట్‌వర్కులో వారు ఎవరినీ అడగకుండా వాడుకోవచ్చునని విడిచిపెట్టింది. ‘ఎవరి నెట్‌వర్కులో వారు’ అన్న మాట దగ్గరే ఉంది కిటుకంతా. నీ పాఠకుడి రౌటరు 192.168.0 వరసలో నడుస్తూ ఉంటే, నువ్వు చెప్పిన అంకె కొట్టిన క్షణం నుంచి అతని మెషీన్‌కు గేట్‌వే, అంటే బయటి నెట్‌వర్కుకు దారి చూపే రౌటరు, అందదు, ఇంటర్నెట్ రాదు. తప్పు తనదేననుకుని, మొత్తం తుడిచేసి, ఉబుంటు ఆపరేటింగ్ సిస్టంను మళ్లీ మొదటినుంచి ఎక్కిస్తాడు.

ఒకవేళ అతని రౌటరు కూడా నీ వరసలోనే ఉందనుకో, అది ఇంకా ప్రమాదం. చాలా ఇళ్ల రౌటర్లలో డీహెచ్‌సీపీ పంపకం, అంటే రౌటరు తనంతట తానే అడ్రసులు పంచే పద్ధతి, 100 దగ్గరే మొదలవుతుంది. అంటే ఆ 100 ఇంట్లో ఎవరి ఫోనుకో అప్పటికే ఇచ్చి ఉండవచ్చు. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి తుండుగుడ్డ విసిరి సీటు ఆపుకోవడం నీకు తెలిసే ఉంటుంది. పల్లెవెలుగు బస్సులో ఆ తుండుగుడ్డకు విలువ ఉంది. రిజర్వేషన్ చార్టు చేతపట్టుకున్న కండక్టరు ఉన్న బస్సులో లేదు, ఎందుకంటే ఆ సీటు మరొకరి పేరున రాసి ఉంది, వాళ్లు తరవాతి స్టాపులో ఎక్కుతారు. స్టాటిక్ అడ్రసు, అంటే మనం స్థిరంగా పెట్టుకునే అడ్రసు, తుండుగుడ్డ లాంటిది. చార్టులో లేని సీటు మీదే వేయాలి. ఆ సీట్లు ఏవో ఎలా కనుక్కోవాలన్నదే నీ వ్యాసం అసలు విషయం కావలసింది. దాన్ని వదిలేసి తుండుగుడ్డ విసిరే విధానాన్ని ఆరు బొమ్మలతో చూపించావు.

ఇంత కటువుగా రాయడానికి కారణం, ఈ తప్పు నీకంటె ముందు నేను చేసి ఉండడం. ఇరవై ఏళ్ల కిందట ఈ ఊళ్లోనే ఒక శిక్షణ సంస్థలో ల్యాబ్ చూసుకునేవాణ్ణి. జీతం గది అద్దెకూ మధ్యాహ్నం భోజనానికీ సరిపోయేది, రాత్రి భోజనం మిత్రుల మీద. విద్యార్థులకు నోట్సు రాసివ్వమన్నారు. నా జీవితంలో జెరాక్సు మిషన్ దాకా వెళ్లిన మొదటి రచన అదే కనుక తెల్లవారుజాము దాకా కూర్చుని రాశాను. అందులో ఉదాహరణకని నా మెషీన్ మీదున్న 192.168.0.10 వేశాను. మర్నాడు ల్యాబులో ఇరవై నాలుగు మంది, అందరూ బుద్ధిమంతులు, ఉన్నది ఉన్నట్టు కొట్టారు. విండోస్ తెరల మీద అడ్రసు తగాదా హెచ్చరికలు ఒక్కొక్కటీ లేచాయి. లైనక్సు యంత్రాలు ఏమీ అనలేదు, అదే ఘోరం. ఒక అడ్రసును ఇద్దరు నాదంటే నాదన్నప్పుడు, ఎవరి జవాబు అందితే ప్యాకెట్లు వారివైపు పోతాయి. పింగ్, అంటే ‘ఉన్నావా’ అని అడిగే పలకరింపు, ఒకసారి అందుతుంది, ఒకసారి అందదు. ఎస్ఎస్‌హెచ్‌తో దూరం నుంచి లోపలికి వెళ్లబోతే అవతలి యంత్రం గుర్తింపు మారిపోయిందని బెదిరిస్తుంది. ఆ పూటంతా కేబుళ్లు పీకి పెట్టాం. తప్పు నోట్సులో ఉందని సాయంత్రానికి నాకే తెలిసింది, ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు నీకు చెబుతున్నాను.

అప్పటి నుంచి నాదొక మొండిపట్టు: పాఠకుడి చేత అంకె కొట్టించకూడదు, వెతికించాలి. ‘ఐపీ రూట్’ అనే ఆదేశం ఇమ్మను. ‘డిఫాల్ట్ వయా’ అన్న మాటల పక్కన అతని గేట్‌వే కనబడుతుంది, దాన్నిబట్టి అతని వరస తెలుస్తుంది. రౌటరు పేజీ తెరిచి డీహెచ్‌సీపీ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తోందో చూడమను. ఆ పరిధికి బయట ఒక అంకె ఎంచుకుని, దాన్ని పింగ్ చేసి చూడమను. అయితే జవాబు రానంత మాత్రాన అది ఖాళీ అని కాదు, ఆ అడ్రసు వాడే ప్రింటరు ఆ సమయానికి ఆపి ఉండవచ్చునని కూడా చెప్పు. అప్పుడు అతను రాసుకునే అంకె అతనిది అవుతుంది. ఉదాహరణ ఇవ్వకుండా ఎలా అని అడుగుతావు. 2010 జనవరిలో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 5737 కేవలం మనలాంటి రాతగాళ్ల కోసమే మూడు వరసలు పక్కన పెట్టింది: 192.0.2, 198.51.100, 203.0.113. ఆ అంకెలు ఎవరి ఇంట్లోనూ ఉండవు. పాఠకుడు గుడ్డిగా కొట్టినా ఎవరితోనూ తగవు రాదు, పని మాత్రం జరగదు, కనుక వెనక్కి వచ్చి నీ పేరా చదువుకుంటాడు. పనిచేయని ఉదాహరణే మంచి ఉదాహరణ అని నేనంటే నవ్విన మిత్రులున్నారు.

నవ్వడంతో ఆగని సంపాదకుడు కూడా ఒకాయన ఉండేవాడు. ఆయన కంప్యూటర్ మాసపత్రికకు ఇదే విషయం మీద రాశాను, అంకె వెతుక్కునే పద్ధతికి రెండు పేరాలు పెట్టాను. ఆయన ఆ రెండూ కోసేసి, తన ఆఫీసు కంప్యూటర్ తెర బొమ్మ తీసి, తన అంకెతో సహా అచ్చువేశాడు. పాఠకుడికి కారణాలు అక్కర్లేదు, ఏం కొట్టాలో చెబితే చాలునట. మూడు నెలలు నా పేరు మీద ఉత్తరాలు వచ్చాయి. సవరణ వేయమంటే, దానికి చోటు లేదన్నాడు. ఇప్పటి ‘ఐదు నిమిషాల్లో’ రకం వ్యాసాలన్నీ ఆయన సంతానమే అనిపిస్తుంది నాకు. నీ వ్యాసం పేరులో కూడా ఆ మాట ఉంది, తీసెయ్యి.

రెండో పేజీలో బ్రిడ్జ్‌డ్ అడాప్టర్ ఎంచుకోమని ఒక్క మాట చెప్పి దాటేశావు. నిలబడి మాట్లాడవలసిన చోటు అదే. వర్చువల్ మెషీన్లను నడిపే వర్చువల్‌బాక్స్‌లో మామూలుగా వచ్చే నాట్ పద్ధతిలో ప్రతి వీఎంకూ, అంటే వర్చువల్ మెషీన్‌కూ, 10.0.2.15 వస్తుంది, గేట్‌వే 10.0.2.2. నాలుగు వీఎంలు పెట్టినా నాలుగింటికీ అదే, ఎందుకంటే ఒక్కొక్కటీ తన సొంత బుల్లి రౌటరు వెనక కూర్చుంటుంది. అక్కడ అడ్రసు దాదాపు స్థిరమే, కాని పోర్ట్ ఫార్వార్డింగ్ (ల్యాప్‌టాప్ పోర్టు ఒకదాన్ని వీఎంకు మళ్లించడం) పెట్టనిదే ల్యాప్‌టాప్ నుంచి దాన్ని చేరుకోలేవు. బ్రిడ్జ్‌డ్‌లో వీఎం మీ పీజీ వైఫైలో మరొక అద్దెదారు అవుతుంది; చార్టు మీ పీజీ ఓనరు రౌటరు దగ్గర ఉంటుంది, దాని పాస్‌వర్డు ఆయన నీకు ఇవ్వడు. పైగా వైఫై యాక్సెస్ పాయింటు నీ ల్యాప్‌టాప్ కార్డుకు పుట్టుకతో వచ్చిన మ్యాక్ అడ్రసుతో వచ్చే ఫ్రేములనే గుర్తిస్తుంది కనుక, వైఫై మీద బ్రిడ్జింగ్ ఎప్పుడూ అనుమానంగానే నడుస్తుంది. నీకు కావలసింది నీ ల్యాప్‌టాప్ నుంచి నీ వీఎంను ప్రతిరోజూ ఒకే అడ్రసులో పలకరించడం అయితే, మొదటి అడాప్టరును నాట్‌గా ఉంచి ఇంటర్నెట్‌కు వదిలేసి, రెండోదాన్ని హోస్ట్-ఓన్లీగా పెట్టుకో. ఆ నెట్‌వర్కు నీ ల్యాప్‌టాప్ గడప దాటదు. దానికి మామూలు వరస 192.168.56; ల్యాప్‌టాప్ 1 తీసుకుంటుంది, డీహెచ్‌సీపీ 100లో కూర్చుని 101 నుంచి 254 దాకా పంచుతుంది. కనుక 2 నుంచి 99 దాకా నీవి. చూశావా, ఇక్కడ అంకెలు నేను కూడా చెప్పాను, కాని ఎందుకు ఖాళీయో చెప్పి మరీ చెప్పాను. అయినా వర్చువల్‌బాక్స్‌లో నెట్‌వర్క్ మేనేజర్ తెరిచి సరిచూసుకోమనే రాయి. ఈ రెండో అడాప్టరుకు గేట్‌వే రాయకూడదన్న సంగతి మరిచిపోవద్దు. రాస్తే బయటికి పోయే దారులు రెండై, ఇంటర్నెట్ ఉండీ లేనట్టు అవుతుంది.

ఉబుంటులో నెట్‌వర్కు అమరిక రాసే నెట్‌ప్లాన్ ఫైలు గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. 2017లో ఉబుంటు 17.10తో అది మామూలు పద్ధతి అయింది కనుక, పాత ఇంటర్‌ఫేసెస్ ఫైలు పద్ధతిని నువ్వు వదిలేయడం సరైనదే. ‘గేట్‌వే4’ అనే పదానికి కాలం చెల్లింది, దాని బదులు ‘రూట్స్’ కింద డిఫాల్ట్ దారి రాయాలి. ఆ ఫైలు రాసే యామల్ రూపంలో ట్యాబు పనికిరాదు, ఖాళీలే. ఇన్‌స్టలేషన్ రాసిపెట్టిన ఫైలు పేరులో ‘క్లౌడ్-ఇనిట్’ ఉంటే, అది మన రాతను తుడిచి తన రాత రాసుకునే అవకాశం ఉంది, దాన్ని ముందు మానిపించాలి. ‘అప్లై’ ఆదేశం చెప్పావు, ‘ట్రై’ చెప్పలేదు. ‘ట్రై’ అంటే 120 సెకన్లలోపు మనం సరేననకపోతే పాత అమరికకు అదే వెనక్కి పోతుంది. దూరాన ఉన్న మెషీన్ మీద పనిచేస్తూ తనను తానే బయట పెట్టుకుని తలుపు వేసుకున్నవాడికి దాని విలువ తెలుస్తుంది.

ఇక చివరి పేజీ. అక్కడ నాలుగు వాక్యాలు రాసి పెన్నుతో కొట్టేశావు. కొట్టేసినా చదవగలిగాను. రాత్రి రెండింటిదాకా కూర్చుని కనెక్షన్ కుదుర్చుకున్నావు. ఉదయం లేచేసరికి అడ్రసు మారిపోయి, రాత్రి పనిచేసిన ఆదేశమే పనిచేయలేదు. అది చూసి ల్యాప్‌టాప్ పాడైపోయిందనుకున్నావు. ఇంటికి ఫోన్ చేసి ఏం చెప్పాలో తెలియక ఆ రోజు టిఫిన్ తినలేదు. వ్యాసంలో నువ్వు సొంతంగా రాసినవి ఆ నాలుగే. వాటిని మొదటి పేజీ మొదట్లో పెట్టి, వెంటనే కారణం చెప్పు: డీహెచ్‌సీపీ అడ్రసును ఇవ్వదు, గడువుకు అద్దెకిస్తుంది, యంత్రం నడుస్తున్నంతసేపు సగం గడువు దాటగానే అద్దె పొడిగించమని అడుగుతుంది, రాత్రి వీఎం ఆపేశావు కనుక అడిగేవారు లేరు, గడువు తీరింది, ఆ అడ్రసు మరొకరికి పోయింది. ఆ పైన స్టాటిక్ అడ్రసు ఎందుకో నువ్వు ప్రత్యేకంగా వివరించనక్కర్లేదు.

క్లోన్ చేసిన రెండు వీఎంలకు ఒకే అడ్రసు రావడం నీకు ఎదురైందని ఉత్తరంలో రాశావు గాని వ్యాసంలో పెట్టలేదు. మ్యాక్ అడ్రసు మార్చినా అలా ఎందుకు జరిగిందంటే, ఉబుంటు సర్వర్ డీహెచ్‌సీపీకి తన గుర్తింపుగా మ్యాక్ కాకుండా మెషీన్-ఐడీ (సిస్టంలో రాసి ఉండే ప్రత్యేక గుర్తు) నుంచి తయారుచేసిన గుర్తును పంపుతుంది. క్లోనుతో పాటు ఆ మెషీన్-ఐడీ కూడా నకలైంది. రెండు పేరాలు రాయదగిన సంగతి ఇది.

నా అల్మారాలో ఎస్పీ రోడ్డులో కొన్న పాత రౌటర్లు మూడున్నాయి. మూడింటికీ మూడు వేరు వేరు వరసలు పెట్టి ఉంచాను, ఏ వ్యాసమైనా మూడింటి మీదా నడిస్తేనే బయటికి పంపుతాను. తిరగరాసి, ఆదివారం పొద్దున ల్యాప్‌టాప్‌తో రా. నువ్వు నీ వ్యాసం బయటికి చదువుతూ ఉండు, నేను ఏమీ తెలియనివాడిలా కొడుతూ పోతాను. మూడో రౌటరు 172.16 వరసలో ఉంటుంది.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి