విశ్రాంత హోటల్లో ఋతుపరమైన భోజనం

సందేహం: లండన్‌కి మా అత్తగారు, మామగారు వస్తున్నారు. ఇక్కడి బ్రిటిష్ వంటల హోటలుకి తీసుకెళ్దామని వాళ్ళ కోసం మెనూని తెలుగులో రాస్తున్నాను. ‘సీజనల్ బ్రిటిష్ ఫుడ్’కి ‘ఋతుపరమైన బ్రిటిష్ ఆహారం’ అనీ, ‘రిలాక్స్‌డ్ రెస్టారెంట్’కి ‘విశ్రాంత భోజనశాల’ అనీ రాశాను. మావారేమో ‘కాలానుగుణ’ అనాలంటున్నారు. ఏది సరైనది? రూబార్బ్‌ని చుక్కకూర అనవచ్చా?
– ఒక పాఠకురాలు, లండన్

సమాధానం: తేలికైనది ముందు చెబుతాను. విశ్రాంత ఉపాధ్యాయుడు, విశ్రాంత న్యాయమూర్తి అని పేపర్లలో రోజూ చూస్తున్నదే కదా. విశ్రాంత భోజనశాల అంటే మూతపడ్డ హోటలేమో అనుకుంటారు మీ మామగారు. ‘తీరిగ్గా కూర్చుని తినే హోటలు’ అంటే చాలు.

ఇక ‘ఋతుపరమైన’. ఈ ‘పరమైన’ అనే తోక ఈమధ్య కనబడ్డ ప్రతి మాటకూ తగిలిస్తున్నారు. సాంకేతికపరమైన, ఆరోగ్యపరమైన అయ్యాయి, ఇప్పుడు ఋతువు వంతు. పైగా నేటి వాడుకలో ఋతు అనగానే ఋతుక్రమం, ఋతుస్రావం గుర్తొస్తాయి. అన్నం ముందు అదెందుకమ్మా? మీవారి ‘కాలానుగుణ’లో వ్యాకరణ దోషమేమీ లేదు. కానీ ‘చట్టాలు కాలానుగుణంగా మారాలి’ అన్నప్పుడు మనకు తోచేది మారిన రోజులకు తగినట్టు అని. ఎప్పటివో పాత బ్రిటిష్ వంటలకు ఆ మాట పెడితే అర్థం తల్లకిందులవుతుంది.

సీజన్‌కి మనకు అచ్చమైన మాట ఒకటి ఉంది: కారు. ఆ మాట వింటే నాలుగు చక్రాలే కళ్ళకు కట్టే స్థితికి వచ్చాం. కారు అంటే మొదట నలుపు. కారుచీకటి, కారుమబ్బులలో ఉన్నది అదే. నల్లని మబ్బు నుంచి మబ్బు పట్టే కాలానికీ, అక్కణ్ణుంచి కాలానికే పేరుగానూ సాగింది. వానకారు అన్నది అలా వచ్చిందే. తొలకరి అంటే తొలి కారే. తమిళంలో ‘కార్’కి నలుపు, మబ్బు, వానకాలం, ఒక వరి పంట, ఇన్ని అర్థాలు ఇప్పటికీ ఉన్నాయి. ఇంగ్లీషు సీజన్ పుట్టింది విత్తడం అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి. అది ఫ్రెంచిలో పండడమై, పండితే రుచి వస్తుంది కనుక, కూరలో ఉప్పూ మిరియాలూ వేయడానికీ అదే మాటయింది. కార్తె సంగతి వేరు, అది నక్షత్రాల లెక్క.

కాలాన్నిబట్టి భోజనం ఎలా పెట్టాలో తెలుసుకోవాలంటే శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యద మొదటి ఆశ్వాసం తెరవాలి. విష్ణుచిత్తుడు వైష్ణవ అతిథులకు మూడు కాలాల్లో మూడు రకాలుగా వడ్డిస్తాడు. జడివాన పట్టిన రోజుల్లో ఒలిచిన పప్పు, ‘వడియముల్ వరుగుల్ పెరుగున్’. ముసురులో పచ్చికూరలు దొరకడం కష్టం. ఎండల్లో ఎండబెట్టి దాచినవి అప్పుడే బయటికి తీయాలి. రాయలవారికి వంటింటి లెక్క కూడా తెలుసు. వేసవిలో నులివెచ్చని అన్నం, తియ్యని చారులు, ‘పలుచని యంబళుల్’, చెరకుపాలు, లేత కొబ్బరినీళ్ళు, వడపిందెలు, నీరుచల్ల. చలిలో మిరియపు పొడి, ముక్కు అదిరే ఆవ, ఊరుగాయలు, చెయ్యి చురుక్కుమనే నెయ్యి. ఇంతచేసీ ఎక్కడా ‘ఋతుసంబంధమైన’ అనలేదు. ‘వేసవి’ అన్నాడు, ‘సీతునన్’ అన్నాడు. కాలం పేరు చెప్పి పదార్థం పేరు చెబితే విశేషణంతో పనేముంది?

మంచి బ్రిటిష్ మెనూలదీ అదే పద్ధతి. 1994లో లండన్ స్మిత్‌ఫీల్డ్ మాంసం మార్కెట్ దగ్గర తెరిచిన సెయింట్ జాన్ అనే హోటల్లో పేరుపడ్డ వంటకాన్ని ‘కాల్చిన మూలుగెముకలు, పార్‌స్లీ సలాడ్’ అని రాసి ఊరుకుంటారు. మీరూ అలాగే రాయండి. ‘ఆస్పరాగస్, కరిగించిన వెన్నతో’ అని పెట్టి, పక్కన ‘ఏప్రిల్ 23 నుంచి జూన్ 21 దాకా’ అని చేర్చండి. వాళ్ళ ఆనవాయితీ లెక్క అది. మన పిల్లితేగలదీ ఆ జాతే. మనం వేళ్ళు మందుకు వాడతాం, వాళ్ళు లేత మొలకలు తింటారు. గ్రౌస్ అనే అడవిపిట్ట వేట ఆగస్టు 12న మొదలై డిసెంబరు 10తో ఆగుతుంది. దాన్ని కౌజు అనకండి, వేరే పిట్ట. తుపాకీతో కొట్టినది కాబట్టి పంటికింద గుండు తగలవచ్చని మాత్రం మామగారికి ముందే చెప్పండి.

రూబార్బ్‌ని చుక్కకూర అనవద్దు. రెండూ ఒకే కుటుంబానివి, పులుపూ ఒక తీరుదే. అయితే చుక్కకూరలో మనం తినేది ఆకు, రూబార్బ్‌లో ఆకు విషం. కాడలే తినాలి. ఆకుకూర పేరు పెడితే ఆకు కూడా పప్పులో పడవచ్చు. రేవల్చిన్ని అనీ అనవద్దు, అది విరేచనాల మందు వేరు. కాడల్ని రెండంగుళాల ముక్కలు కోసి, అరకిలోకి 100 గ్రాముల పంచదార చల్లి, నీళ్ళు పోయకుండా, మూతపెట్టి 180 డిగ్రీల ఓవెన్లో పావుగంట ఉంచితే చాలు. కలిపినా, ఇంకాసేపు ఉంచినా పీచుపీచు గుజ్జవుతుంది.

‘సీజన్’ని కొట్టేయమని నేను అనను. మామిడిపళ్ళ సీజన్ అని ఊరంతా అంటున్నదే. శీర్షికకు ‘ఏ కాలానికా కాలం బ్రిటిష్ వంటలు’ బాగుంటుందేమో, మీ చెవికి నప్పితేనే. కారుని తిరిగి తేవాలన్న ఆశ నాకుంది. ఆ రూబార్బే చూడండి. జనవరి నుంచి మార్చి దాకా యార్క్‌షైర్‌లో వెచ్చని షెడ్లలో, కారుచీకట్లో పెంచి, కొవ్వొత్తి వెలుగులో కోస్తారు. వెలుగు తగిలితే ఆ లేతదనం, గులాబీరంగు ఉండవు. ‘కారుకాడలు’ అంటే నలుపూ కాలమూ రెండూ కలిసొస్తాయి. కానీ పెట్రోలు వాసన వేస్తుందా అంటారు మీ మామగారు. ప్రస్తుతానికి రూబార్బ్ కాడలు అనే రాయండి.