ఫుట్‌బాల్ ఆడే అబ్బాయి లాయర్ అవుతాడా?

న్యూజెర్సీ నుంచి ఒక అమ్మగారు రాశారు. అబ్బాయి పదకొండో తరగతి, స్కూల్ టీమ్‌లో అమెరికన్ ఫుట్‌బాల్ ఆడతాడు, లా చదువుతానంటున్నాడు. ఆట మానేస్తేనే చదువు సాగుతుందని వాళ్ల నాన్నగారు పట్టుబట్టారు, ఇంట్లో రోజూ ఇదే గొడవ, తలకి దెబ్బలు తగుల్తాయేమోనని నాకూ భయమే, ఏం చెయ్యమంటారని.

అమ్మా, ఆట మాన్పించకండి. ఈ దారిలో ఎప్పుడో నడిచిన మనిషి ఒకాయన ఉన్నాడు, విలియం హెన్రీ లూయిస్. 1868లో వర్జీనియాలో పుట్టిన నల్లజాతి బిడ్డ, అమ్మానాన్నలు బానిసత్వంలోంచి బయటపడ్డవాళ్లు. ఆమ్హెర్స్ట్ కాలేజీలో 1891లో టీమ్ కెప్టెన్ అయ్యాడు, మరుసటి ఏడాది డిగ్రీ పూర్తయ్యేటప్పుడు క్లాసు తరఫున ప్రసంగించింది కూడా అతనే. మీవారికి ఈ రెండో ముక్క తప్పకుండా చెప్పండి.

తర్వాత హార్వర్డ్‌లో లా చదువుతూ అక్కడి టీమ్‌లో సెంటర్‌గా ఆడాడు. సెంటర్ అంటే బంతిని కాళ్ల మధ్య నుంచి వెనక్కి అందించి, మరుక్షణమే మీదికొచ్చే వాళ్లను కాచుకోవాలి. బరువు 175 పౌండ్లే, ఆ స్థానానికి తక్కువే, అందుకే వేగం, బుర్ర రెండూ వాడాడు. 1892, 1893ల్లో దేశంలోని మేటి ఆటగాళ్ల జట్టుకి ఎంపికయ్యాడు, ఆ గౌరవం దక్కిన మొదటి నల్లజాతి ఆటగాడు. 1896లో ఆట ఎలా ఆడాలో పుస్తకమే రాశాడు, లాయర్‌గా పనిచేస్తూనే హార్వర్డ్ టీమ్‌కి ఏళ్ల తరబడి కోచింగ్ ఇచ్చాడు.

లా విద్యార్థిగా ఉన్నప్పుడు, హార్వర్డ్ ఉన్న కేంబ్రిడ్జ్ ఊళ్లో ఒక మంగలిషాపులో నల్లవాడని గడ్డం గీయడానికి ఒప్పుకోలేదు. అతను తలొంచుకుని వెళ్లిపోలేదు, అలాంటి వివక్ష కుదరకుండా రాష్ట్ర చట్టం మార్పించడానికి పోరాడి సాధించాడు. 1911లో దేశానికి అసిస్టెంట్ అటార్నీ జనరల్, అంటే కేంద్ర న్యాయశాఖలో పెద్ద లాయర్ అయ్యాడు. అదే ఏడాది లాయర్ల జాతీయ సంఘం రంగు చూసి బయటికి పంపాలనుకుంటే, సభ్యత్వానికి రాజీనామా చెయ్యనన్నాడు. నాకైతే ఈ మొండితనం ఎంత నచ్చుతుందో!

ఇక మీవాడి సంగతి. అమెరికాలో లా స్కూల్ నాలుగేళ్ల డిగ్రీ తర్వాతే, ఏ సబ్జెక్టు చదివినా ఫరవాలేదు, జీపీఏ (డిగ్రీ మార్కుల సగటు), ఎల్‌శాట్ (లా స్కూల్ ప్రవేశ పరీక్ష) స్కోరు మాత్రం గట్టిగా ఉండాలి. ఆమ్హెర్స్ట్ ఇప్పుడు కాలేజీ ఆటల పోటీల్లో మూడో అంచె అయిన డివిజన్ త్రీలో ఉంది, ఆ డివిజన్‌లో ఆటకి స్కాలర్‌షిప్ ఇవ్వరు, చదువుకి, ఇంటి ఆదాయాన్ని బట్టి ఇచ్చే సాయం ఉంటుంది. మీవాడికి ఇలాంటి కాలేజీలే చూడండి. తలకి దెబ్బల గురించి మీకున్న భయం మాత్రం న్యాయమైనదే, దెబ్బ తగిలితే ఎన్ని రోజులు ఆపుతారు, మళ్లీ ఆడొచ్చని ఎవరు తేలుస్తారు అని కోచ్‌ని కూర్చోబెట్టి అడగండి, సరైన జవాబు రాకపోతే అప్పుడు నేనే ఆపమంటాను.

ఈ ఆదివారం లా ఎందుకు చదవాలనుకుంటున్నాడో ఒక పేజీ రాయమనండి. ఎవరూ సాయం చెయ్యొద్దు. అది, పోయిన రెండేళ్ల మార్కులు పంపించండి, కాలేజీల లిస్టు కలిసి వేద్దాం.